శాలువాల ముసలయ్య

బహ్రెయిన్ ఎండలో శాలువా కప్పించుకునే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను, ఒకసారి కాదు. ఆగస్టు నెల. ముహర్రక్‌లో విమానాలు తలమీదుగా దిగే చోట ఒక ఇసుక మైదానం. గాలి కదలదు. సముద్రపు ఉక్కకి చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. ఐదు సెట్లూ ఎగిరెగిరి ఆడి జట్టుని గెలిపించినవాడు కోర్టు మధ్యలో నిలబడి రొప్పుతూంటాడు. మన తెలుగు సంఘం పెద్దలు మైకులో నాలుగు మంచి మాటలు చెప్పి, జరీ అంచున్న ఉన్ని శాలువా ఒకటి విప్పి వాడి భుజాల మీద కప్పుతారు. చప్పట్లు, ఫొటో. వాడు చెమటలు కక్కుతూ నవ్వాలి. తర్వాత పెద్దలు ఏసీ కార్లెక్కుతారు, వాడు నా బస్సెక్కుతాడు.

నేను సోమరాజుని. హిద్ దగ్గర మా కంపెనీ క్యాంపు. అక్కణ్ణించి ఓడల రిపేరు యార్డుకి మనుషుల్ని చేరవేసే బస్సు నాది. నాదంటే నాదేం కాదు, తోలేవాణ్ణి. శుక్రవారం సెలవురోజు అదే బస్సులో మా వాలీబాల్ జట్టుని కూడా తోలుకెళ్ళేవాణ్ణి. జట్టులో బంతి లేపి ఇచ్చేవాణ్ణి నేను, దాన్ని అవతలి కోర్టులో పాతిపెట్టేవాడు ముసలయ్య.

పేరు చూసి పొరబడకండి. తాత పేరు పెట్టారంతే. ముసలయ్యకి అప్పటికి ముప్పై నిండలేదు. నాదీ వాడిదీ రాజోలు పక్కనే, గోదావరి లంకల్లో. తాటిచెట్టంత మనిషి, ఎగిరితే నెట్టు మీద నడుం దాకా కనిపించేవాడు. కుడిచేతి చిటికెన వేలు మాత్రం బయటికి తిరిగిపోయి ఉంటుంది. కాలేజీలో ఆడేటప్పుడు బంతి తగిలి విరిగితే, నాటు కట్టు కట్టించుకుని మర్నాడే మళ్ళీ ఆడాడు. ఇక అది అలాగే అతుక్కుపోయింది. యార్డులో వాడి పని స్కాఫోల్డింగ్. ఓడ పక్కన ఇనపగొట్టాలు బిగించుకుంటూ, బిగించిన వాటి మీదే నిలబడి ఇంకా పైకి పోయే పని. ఎత్తంటే వాడికి భయం లేదు. మాట్లాడ్డమంటే భయం.

మా గదిలో వాడి మంచం కింద అట్టపెట్టె ఒకటి ఉండేది. దాన్నిండా శాలువాలే. మా గదిలో ఉండే బాలన్న, ఆర్మూరు అవతల ఊరాయన, ఆ పెట్టెని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు. గల్ఫులో ఏ దేశమైనా ఆయనకి దుబాయే.

"ఏందిర ముసలయ్యా, దుబాయికి అచ్చి దుప్పట్ల దుకాణం పెడ్తవా?"

ముసలయ్య నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజుల్లో వాడికి నవ్వొచ్చేది.

సంగతి మొదలైంది తొంభయ్యారు జనవరిలో. సంఘం వాళ్ళ చలికాలం టోర్నమెంటుకి ఆ ఏడు ఖర్చంతా పెట్టుకున్నది గంగరాజు గారు. ముహర్రక్ వెళ్ళే రోడ్డు మీద ఆయనకి పెద్ద కోల్డ్ స్టోర్ ఉంది. ఇక్కడ కిరాణా కొట్టుని కోల్డ్ స్టోర్ అంటారు లెండి. భీమవరం వైపు మనిషి, మాట తేనె. కొత్తగా నొప్పుల మందొకటి తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. దాని పేరు జటాయు బామ్. రెక్క తెగిపడిన పక్షి పేరు నొప్పుల మందుకి పెట్టిన తెలివి ఎవరిదో నాకిప్పటికీ తెలియదు. మైదానం చుట్టూ ఆ బామ్ జెండాలే కట్టారు. ఫైనల్లో ముసలయ్య షాటు కొడుతుంటే ఫొటోగ్రాఫరు నేలమీద పడుకుని మరీ ఫొటోలు తీశాడు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం డ్యూటీకి బస్సు తోలుకెళ్తూంటే వెనక నుంచి ఒకటే కేకలు. గంగరాజు గారి కోల్డ్ స్టోర్ మీద ఇంత పొడుగు బోర్డు లేచింది. దాని మీద రంగుల్లో మా ముసలయ్య. గాల్లో ఉన్నాడు, నోరు తెరిచి ఉంది, కుడిచెయ్యి పైకెత్తి ఉంది. చేతి ముందు బంతి ఉండాల్సిన చోట బామ్ డబ్బా ఉంది. ఆ పెయింటరు ఎవరోగానీ పనిమంతుడు. వంకర చిటికెన వేలు కూడా వదల్లేదు. కింద అరబ్బీలో, ఇంగ్లీషులో, మలయాళంలో నొప్పి ఎగిరిపోతుందని రాశారు. తెలుగులో ఒక్క ముక్క లేదు. ముసలయ్య పేరైతే ఏ భాషలోనూ లేదు.

బస్సు ఆపమని గోల చేస్తే ఆపాను. ముసలయ్య కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ ఉండిపోయాడు. వాడి ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి పంపడానికి ఫొటో తీయించుకున్నాడు, బోర్డు కింద నిలబడి. వారం రోజులపాటు మెస్సులో వాడికి కూర ఎక్కువ పడింది.

తర్వాత బాలన్న అడగనే అడిగాడు. "గా బోర్డుకు నీకెన్ని పైసలిచ్చిండ్రు?"

"పైసలేంటన్నా? ఆట ఫొటోయే గదా."

"మరి గా డబ్బ ఏంది నీ చేతుల? నువ్వు డబ్బతోని ఆడినవా?"

ముసలయ్య అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపేశాడు. ఆ తర్వాత ముద్ద నోట్లోకి వెళ్ళలేదు. నాకు తెలుసు వాడికేం గుర్తొచ్చిందో. ఆ కథ నాకు వాడే చెప్పాడు.

కాలేజీలో బీఏ చదివేటప్పుడు ముసలయ్య యూనివర్సిటీ జట్టు ఆటగాడు. ఊళ్ళో సోడా కంపెనీ వాడొకడు వీడి ఫొటో క్యాలెండరు మీద వేసి, చేతిలో సోడా కాయ పెట్టి, జిల్లా అంతా పంచాడు. వీడు వెళ్ళి పీడీ సారుని అడిగాడు, నాకేమైనా ఇస్తారాండీ అని. పైకం ముట్టుకున్నావో జట్టులోంచి పోతావు, చదువుకునే కుర్రాడు ఆట అమ్ముకోకూడదు అన్నారాయన. విషయం ప్రిన్సిపాల్ దాకా వెళ్ళింది. ఆయన పెద్దమనిషి, దాన్ని అలా వదల్లేదు. కాలేజీ వార్షికోత్సవంలో వక్తృత్వ పోటీకి అదే అంశం పెట్టించాడు. కాలేజీ క్రీడాకారుడు ప్రకటనలకు డబ్బు తీసుకోవచ్చునా, కూడదా?

కూడదని మాట్లాడిన సీనియర్ విద్యార్థికి మొదటి బహుమతి వచ్చింది. ఆ బహుమతి నగదు, కవరులో పెట్టి ఇచ్చారు. అదే వేదిక మీద ముసలయ్యకి శాలువా కప్పారు. అదే వాడి మొదటి శాలువా. కూడదన్నవాడికి డబ్బు, ఆడినవాడికి దుప్పటి. ఈ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోటీల కోసం ఊళ్ళు తిరిగి ముసలయ్య పరీక్షలు పోగొట్టుకున్నాడు. పరీక్ష పోయాక కాలేజీలో పేరు లేదు, పేరు లేకపోయాక జట్టులో చోటు లేదు. బహ్రెయిన్ వచ్చేటప్పుడు కూడా రాజోలు బస్టాండు హోటల్లో ఆ క్యాలెండరు వేలాడుతూనే ఉందట. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి, పైన వీడి బొమ్మ మాత్రం ఉంచారు.

ఆ మొదటి బహుమతి తీసుకున్న సీనియరు ఎవరనుకున్నారు? భీమేశ్వరరావు గారు. ఇక్కడ బహ్రెయిన్‌లో ఒక పెద్ద ఆఫీసులో అకౌంట్లు చూస్తాడు, సంఘానికి కార్యదర్శి. ముసలయ్యని ఆయన గుర్తుపట్టలేదు. ముసలయ్య ఆయన్ని మైకు ముందు చూసిన మొదటి రోజే పట్టేశాడు. ఎందుకంటే ఇక్కడా అదే ఉపన్యాసం. క్రీడామైదానం దేవాలయం వంటిది, అందులో నాణేల చప్పుడు వినిపించరాదు, అంటాడాయన గొంతు వణికిస్తూ. మొదటిసారి విన్నప్పుడు బాలన్న నా చెవిలో అడిగాడు. "వీళ్ళ గుడిల హుండీ ఉండదా?"

ఆ శుక్రవారం ముసలయ్య ఉతికిన చొక్కా వేసుకుని గంగరాజు గారి కోల్డ్ స్టోరుకి బయల్దేరాడు. తోడు నేనూ వెళ్ళాను. గంగరాజు గారు కుర్చీలోంచి లేచి మరీ పలకరించారు. చల్లటి లబాన్, అదే ఇక్కడి మజ్జిగ, తెప్పించారు.

"రా రా ముసలయ్యా. చూసేవా బోర్డు? నిన్ను దేవుణ్ణి చేసేసేను గదా."

"ఆయ్, చూసేనండి. చాలా బాగుందండి." ముసలయ్య గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు. "అదేనండి. దాని గురించేనండి. నాకేవైనా ఇప్పిస్తారేమో అని అడుగుదావని వచ్చేనండి."

"ఇప్పించడవా?"

"నా ముఖం పెట్టేరు గదండి."

గంగరాజు గారి ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. మన గోదావరి వాళ్ళం, మనలో మనకి డబ్బు మాటలేంటి నాన్నా అన్నారు. లోపలికి వెళ్ళి జటాయు బామ్ డబ్బాలు సంచిలో పోసి తెచ్చి వాడి చేతిలో పెట్టారు.

"పేరైనా రాయించండి," అన్నాను నేను, ఉండబట్టలేక.

"పేరా? ముసలయ్య అని రాస్తే ఇది ముసలోళ్ళకనుకుంటారు బాబూ. కుర్రోడెవడు కొంటాడు?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్ళ గురించి ఏ సామెతా లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సంచి వాడి ఒళ్ళో ఉంది. ఆ వారమంతా గదిలో బామ్ వాసనే, బాలన్న మోకాళ్ళకి రాసుకున్నాడు, తగ్గలేదన్నాడు.

ముసలయ్య వదల్లేదు. అంత మెతక మనిషికి ఆ పట్టుదల ఎక్కణ్ణించి వచ్చిందో. ఊళ్ళో వాడి ఇల్లు తలుపుల ఎత్తుదాకా లేచి, స్లాబు లేక ఆగిపోయి ఉంది. సాయికుమారి, వాడి భార్య, ఆ గోడల మధ్యే తాటాకు కప్పుకుని కాపురం చేస్తోంది. ఇక్కడ ఇంకో రెండేళ్ళుంటే స్లాబు పడుతుంది. వేసవిలో వీసా రెన్యువల్. ఆ చింత ఉన్నా వాడు స్లాబు కోసం అడగలేదు. "నా మొకానికి ఇలవుందో లేదో తేలాలి మావా," అన్నాడు నాతో. "ఆ సోడా ఓడి కాడ తేలలేదు. ఇక్కడైనా తేలాలి."

తర్వాత జుఫైర్‌లో ఒక హోటల్ హాల్లో సంఘం వాళ్ళ విందు జరిగింది. విందు ఖర్చు జటాయు బామ్‌ది. ముసలయ్యని పిలిచారు, శాలువా కప్పాలి గదా. కప్పడం అయ్యాక భోజనాల బల్లల దగ్గర వాడు భీమేశ్వరరావు గారి ముందుకెళ్ళి నిలబడ్డాడు. శాలువా ఇంకా భుజాల మీదే ఉంది.

"అయ్యా, ఒక్క మాటండి. బోర్డు మీద నా బొమ్మేసినందుకు గంగరాజు గారు సంఘానికి డబ్బిచ్చేరంటండి. నిజవేనాండి?"

"టోర్నమెంటుకి ఇచ్చారు, నీకు కాదు. అందులో నీకేం సంబంధం లేదు." ఆయన పళ్ళెం పక్కన పెట్టారు. "చూడు ముసలయ్యా, మన టోర్నమెంటులో ఆడేవాళ్ళెవరూ డబ్బు తీసుకోకూడదు. అది నియమం. నువ్వు తీసుకుంటే మీ జట్టు మొత్తం పోటీలోంచి పోతుంది. ఆట అమ్ముకోకూడదు."

"నేనమ్మలేదండి. మీరమ్మేరు."

వాడు గట్టిగా అనలేదు. వాడికి గట్టిగా అనడం రాదు. కానీ చుట్టూ ఉన్న నలుగురూ విన్నారు. భీమేశ్వరరావు గారు నన్ను చూసి, వీణ్ణి తీసుకెళ్ళవయ్యా, ఎండదెబ్బ తగిలినట్టుంది అన్నారు. ఎవరో నవ్వారు. తీసుకొచ్చేశాను. అప్పుడు నాలుగు తగిలించి రావలసింది, కానీ నాకూ అక్కడ ఒక ఉద్యోగం ఉంది, నా వీసా చేతిలో పెట్టుకున్న కఫీల్ ఒకడున్నాడు.

ఆ మర్నాటి నుంచి ముసలయ్య ఇంకోలా సాధించాడు. ప్రతి శుక్రవారం గంగరాజు గారి కొట్టు ముందు, సరిగ్గా తన బొమ్మ కింద నిలబడేవాడు. అరవడు, అడగడు. లోపలికి వెళ్ళేవాళ్ళు వాణ్ణి చూస్తారు, పైకి చూస్తారు, మళ్ళీ వాణ్ణి చూస్తారు. గంగరాజు గారికి ఇరకాటం వచ్చింది. చివరికొకనాడు విసుగెత్తి, "సరేలే నాన్నా, చూద్దాం, వచ్చే నెల ఇస్తాలే," అనేశారు.

ఆ రోజు క్యాంపులో పండగే. గంగరాజు ముసలయ్యకి డబ్బిస్తాడంట. మెస్సులో అదే మాట. తెలుగువాళ్ళ నోట్లో కాలం మారడానికి ఎంతసేపు? ఇస్తాడంట అన్నది రెండో బ్లాకు చేరేసరికి ఇస్తున్నాడంట అయ్యింది. యార్డుకి చేరేసరికి ఇచ్చేశాడంట. అక్కణ్ణించి హిందీలోకి పోయి, బయట దుకాణంలో పని చేసి పైసలు తీసుకుంటున్నాడని మా ఆఫీసుకి చేరింది. చేరవేసిన పుణ్యాత్ముడు ఎవడో తెలిస్తే బస్సు వాడి మీదికే తోలేవాణ్ణి.

గల్ఫులో పని చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెబుతాను. మన వీసా ఎవరి పేరు మీద ఉందో ఆయనే మన కఫీల్. ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు, ఒక్క పూటైనా సరే. చేసినట్టు తేలితే వీసా ఖలాస్, విమానం ఎక్కించేస్తారు.

ఆఫీసుకి పిలుపొచ్చింది. నాకు కాస్త అరబ్బీ వచ్చని నన్నూ రమ్మన్నారు. మా కఫీల్ పెద్దాయన, తెల్లగడ్డం, మాటకి ముందు మిస్బా, అంటే జపమాల, పూసలు తిప్పుతాడు. బల్ల మీద ముసలయ్య పాస్‌పోర్టు ఉంది. అప్పటికే గంగరాజు గారినీ పిలిపించారు, ఆయన తోడుగా భీమేశ్వరరావు గారిని తెచ్చుకున్నారు. నా వీసా మీద ఉన్నవాణ్ణి నీ కొట్టుకి పనిలో పెట్టుకుంటావా అని కఫీల్ కేసు పెడితే గంగరాజు గారికీ జరిమానాయే. ఆయన నుదుటి మీద చెమట ఏసీలో కూడా ఆరడం లేదు.

"ఒక్క ఫిల్స్ ఇవ్వలేదు సాబ్," అన్నారు గంగరాజు గారు గుండెమీద చెయ్యి వేసుకుని. ఫిల్స్ అంటే ఇక్కడి పైసా. ఇంతకాలం దాచిన మాట, ఇప్పుడు గర్వంగా చెప్పారు. "కావాలంటే వాణ్ణే అడగండి."

భీమేశ్వరరావు గారు ఇంగ్లీషులో అందుకున్నారు. ఇతను ప్రేమ కోసం ఆడేవాడు, మా పోటీల్లో డబ్బు ప్రసక్తి లేదు, నాణేల చప్పుడు అంటూ ఏదో అన్నారు. కఫీల్ పూసలు ఆపి నన్నడిగాడు, మరి ఏమిచ్చారని.

"షాల్," అన్నాను.

"ఏ షాల్?"

భుజాల మీద కప్పేదని చేతులతో చూపించాను. ఉన్నిదని కూడా చెప్పాను.

"ఎందుకు? వీడికి జ్వరమా?"

ఇంకోచోటైతే పడీపడీ నవ్వేవాణ్ణి. గౌరవం, సన్మానం అని చెప్పడానికి నాకొచ్చిన అరబ్బీ చాలలేదు. ఎన్ని కప్పారని అడిగాడు. పెట్టెడు అని చెప్పాను. ఆయన కాసేపు ఆ ఇద్దరినీ చూశాడు, తర్వాత ముసలయ్య వైపు తిరిగి తనకొచ్చిన హిందీలో నేరుగా అడిగాడు.

"ఇంత పెద్ద బోర్డు. నీ ముఖం. పైసలు తీసుకుంటే నువ్వు చోర్. తీసుకోకపోతే నువ్వు పాగల్. చెప్పు. చోరా, పాగలా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముసలయ్య నా వైపు చూశాడు. నేనేం చెప్పగలను? డబ్బివ్వలేదని వాడు ఇన్నాళ్ళూ తిరిగింది న్యాయం కోసం. ఇప్పుడదే మాట తన వీసా కోసం, వాళ్ళ తరఫున చెప్పాలి. ఇవ్వనన్నవాళ్ళిద్దరూ పక్కనే నిలబడి, వీడు నిజం చెబితే బాగుండునని దేవుడికి మొక్కుతున్నారు. వాడు పాస్‌పోర్టు వైపు చూశాడు. తలుపుల ఎత్తులో ఆగిపోయిన గోడలే కనిపించి ఉంటాయి వాడికి.

"పాగల్, సాబ్," అన్నాడు.

"పైసలు తీసుకున్నావా?"

"నహీ సాబ్."

"అడిగావా?"

గంగరాజు గారు గొంతు సవరించుకున్నారు.

"నహీ సాబ్. అడగలేదు."

నెలల తరబడి ఆ బోర్డు కింద నిలబడ్డ మనిషి అడగలేదన్నాడు. గంగరాజు గారు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. కఫీల్ పాస్‌పోర్టు తీసి సొరుగులో పెట్టుకున్నాడు. ఖలాస్, ఈ గొడవ అయిపోయింది, వీసా ముద్ర వేయిస్తాను, కానీ ఆ ముఖం రేపు ఉండకూడదు అన్నాడు. పెయింటరు ఊరెళ్ళాడు సాబ్, అంత ఎత్తు ఎవరెక్కుతారు అని గంగరాజు గారు నసిగితే, ముసలయ్యనే చూపించాడు. వీడు నా స్కాఫోల్డరు, వీడెక్కుతాడు, యల్లా, ఇక పదండి అన్నాడు.

మర్నాడు శుక్రవారం. తెల్లవారగానే గొట్టాలు, బిగింపులు బస్సులో వేసుకుని వెళ్ళాం. అట్టపెట్టె కూడా ఉంది. కొట్టు ముందు గంగరాజు గారు టార్పాలిన్ తెప్పిస్తానుండు అన్నారు.

"ఒద్దండి. నా కాడున్నాయి," అన్నాడు ముసలయ్య.

గొట్టాలు బిగించుకుంటూ పైకెళ్ళాడు, యార్డులో వెళ్ళినట్టే, తొందర లేకుండా. నడుముకి కట్టిన తాడుతో పెట్టెని పైకి లాక్కున్నాడు. ముందు ముఖం మీద కప్పాడు. మెరూన్ రంగుది, జుఫైర్ హోటల్లో కప్పినది. తర్వాత భుజాలు, ఛాతీ. ఒక్కొక్క దాన్నీ దులిపి, మడత విప్పి, జరీ అంచు బయటికి వచ్చేలా సర్ది, మూలలు తీగతో కట్టాడు. వాడికి కప్పినవాళ్ళెవరూ అంత శ్రద్ధగా కప్పలేదు. కింద జనం పోగయ్యారు. మలయాళీలు, పాకిస్తానీలు, పొద్దున్నే రొట్టె కొనడానికి వచ్చిన అరబ్బు ముసలాయనొకడు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది, రెండూ మింగి కింది గొట్టం పట్టుకుని నిలబడ్డాను. శాలువాలు చెయ్యి దాకా సరిపోలేదు. ఎత్తిన చెయ్యి, డబ్బా, వంకర వేలు అలాగే మిగిలాయి. ముఖం పోయింది గదా చాల్లే, అన్నారు గంగరాజు గారు కింద నుంచి.

సాయంత్రానికి సంఘం నుంచి క్యాంపు ఆఫీసుకి ఫోను. భీమేశ్వరరావు గారు. ఆయన గొంతు నిజంగానే వణుకుతోంది. సన్మాన శాలువాలని రోడ్డు మీద ఆరేస్తారా, ఎంత అవమానం, సంఘం పరువేం కావాలి అన్నారు. ముసలయ్య గురించి ఒక్క మాట లేదు. ఆ శాలువాలు వెనక్కి ఇచ్చేస్తే పై ఏడు టోర్నమెంటుకి పనికొస్తాయన్నారు. నేను ఫోను పెట్టేశాను. పెట్టేసే ముందు అన్న మాట ఇక్కడ రాయలేను.

పెయింటరు తిరిగొచ్చాక శాలువాలు విప్పేశారు. ముఖం మార్చాడు. ఎర్రగా, సన్నటి మీసంతో ఎవరో అందగాడు వచ్చి కూర్చున్నాడు. తక్కినదంతా మార్చాలంటే ఖర్చని గంగరాజు గారు వద్దన్నారట. కాబట్టి ఒళ్ళు మావాడిదే. చెయ్యి మావాడిదే. ఆ అందగాడి చిటికెన వేలు ముసలయ్య వేలిలాగే బయటికి తిరిగి ఉంది.

ముసలయ్య పాస్‌పోర్టులో వీసా పడింది. జట్టులో మళ్ళీ ఆడలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళకి ఓవర్‌టైం ఉందని చెప్పేవాడు. శుక్రవారాలు నేను లేపి ఇచ్చిన బంతిని ఎవరెవరో కొట్టేవారు, అవతలివాళ్ళు తేలిగ్గా ఎత్తేసేవారు.

ఒక పొద్దున డ్యూటీకి వెళ్తున్నాం. బోర్డు దగ్గరపడింది. ముసలయ్య ఎప్పట్లాగే అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. బాలన్న ఊరుకోలేదు, భుజం తట్టి చూపించాడు.

"మొకం ఎవనిదైతేంది, చెయ్యి నీదే గదర. ఏలు సూడు. ఎవలకైనా ఎర్కయితది."

ముసలయ్య బోర్డు వైపు తిరగలేదు. అద్దంలో నాకు కనిపిస్తూనే ఉంది. ఒళ్ళో ఉన్న అన్నం క్యారేజీ గుడ్డ విప్పి, కుడిచెయ్యి దాని కింద పెట్టుకుని, పైన కప్పేసుకున్నాడు.

"గట్టిగా అనకన్నా," అన్నాడు. "మళ్ళీ ఆఫీసుకి పిలుత్తారు."